ఎండకు కొదవ లేదు – పానా పట్టే చేయే కావాలి

సూర్యుడు ప్రత్యక్ష దైవమని మన పెద్దలు అన్నారు. మా అనంతపురం జిల్లా వాళ్లకు ఆ దైవం కరుణ కొంచెం ఎక్కువే. వాన మొహం చాటేసిన ఏడాది కూడా ఎండ మాత్రం తప్పకుండా వస్తుంది. ఆ ఎండతోనే నీళ్లు తోడుకోవచ్చునని చెబితే విని, అయిదేళ్ల కిందట మా నాయన అప్పు చేసి తన వాటా సొమ్ము కట్టి, చీనీ తోటలో సోలార్ పంపు పెట్టించాడు. పదిహేను పలకలు, అయిదు హార్స్‌పవర్ మోటారు. కరెంటు తీగ మా చేను దాకా లేదు గనుక అది మా పాలిట కల్పవృక్షమే అయింది.

నిరుడు ఏప్రిల్‌లో ఒకనాటి పొద్దున ఆ కల్పవృక్షం పనిచేయడం మానేసింది. ఎండ నిప్పులు చెరుగుతోంది, పలకలు మెరుస్తున్నాయి, గొట్టంలో మాత్రం చుక్క నీరు లేదు. చెట్లు పిందె మీద ఉన్నాయి. పంపు అమ్మిన కంపెనీ వాళ్లకు ఫోను చేస్తే "కంప్లయింటు రాసుకున్నాం, మనిషి వస్తాడు" అన్నారు. వారం గడిచింది, రెండో వారమూ గడిచింది. నాయన ట్యాంకరు నీళ్లు కొని పాదులకు పోయించాడు. 120 చెట్లకు ట్యాంకరు నీళ్లు ఏ మూలకు వస్తాయి? పిందె రాలడం మొదలైంది.

అప్పుడే నేను సెలవులకు ఇంటికి వెళ్లాను. నాయన నన్ను చేను కాడికి తీసుకుపోయి, "ఏరా, నువ్వు చదివేది కరెంటు పాఠమే గదా. ఇది ఎందుకు నిల్చిపోయిందో చెప్పు" అన్నాడు. నేను బి.ఎస్‌సి. ఫిజిక్సు విద్యార్థిని. కిర్చాఫ్ నియమాల మీద లెక్క ఇస్తే తప్పు లేకుండా చేస్తాను. ఆ పెట్టె ముందర పావుగంట నిలబడి, ఏమీ తోచక, ఏదో ఒకటి చెప్పాలి గనుక "మోటారు కాలిపోయి ఉంటుంది నాయనా" అన్నాను. చదువుకున్న కొడుకు మాట గదా! మరుసటి రోజే మనుషుల్ని పిలిపించి, ఎనిమిది వేలు ఖర్చు పెట్టి, బోరులోంచి మోటారును పైకి ఎత్తించాడు. మోటారు నిక్షేపంగా ఉంది.

పంతొమ్మిదో రోజున పక్క మండలం నుంచి ఒక కుర్రవాడు మోటారు సైకిలు మీద వచ్చాడు. ఐ.టి.ఐ.లో ఎలక్ట్రీషియన్ చదివి, ఆపైన మూడు నెలలు సోలార్ శిక్షణ పొందినవాడు. వయసులో నాకంటే ఒక ఏడాది పెద్ద, అంతే. నలభై నిమిషాల్లో లోపం ఎక్కడుందో పట్టేశాడు. రెండు పలకల నడుమ ఉండే కనెక్టరు ఒకటి లోపల మాడి బొగ్గయింది. దాని ఖరీదు వంద రూపాయలకు మించదు.

ఆ రోజు నేను పడిన సిగ్గే ఈ వ్యాసానికి మూలం. ఇది నా ఒక్కడి సంగతే అయితే రాయవలసిన పని లేదు. 2010లో జాతీయ సౌరశక్తి పథకం మొదలైనప్పుడు 2022 నాటికి 20 గిగావాట్లు అన్నదే పెద్ద లక్ష్యం. 2025 జనవరి నాటికి దేశంలో సౌర విద్యుత్ స్థాపిత సామర్థ్యం 100 గిగావాట్లు దాటింది. అప్పటి కర్నూలు జిల్లా గని, శకునాల గ్రామాల వద్ద 1000 మెగావాట్ల సోలార్ పార్కు 2017లోనే సిద్ధమైంది. 2019లో వచ్చిన పి.ఎం. కుసుమ్ పథకం కింద సోలార్ పంపులు రైతుల చేలల్లోకి వచ్చాయి. పలకలు ఊరూరికీ చేరుతున్నాయి. వాటికి జబ్బు చేస్తే నాడి చూసేవాడు ఎక్కడ ఉన్నాడు? అతన్ని తయారుచేసే బడి ఎక్కడ ఉంది? ఈ రెండు ప్రశ్నలనే మీ ముందు ఉంచుతున్నాను.

పలక లోపల జరిగేది ఏమిటి?

ముందుగా పాఠం చెప్పుకుందాం. కాంతి పడితే విద్యుత్తు పుడుతుందని 1839లో ఫ్రాన్సు శాస్త్రవేత్త ఎడ్మండ్ బెకెరల్ గమనించాడు. పనికివచ్చే సిలికాన్ ఘటాన్ని 1954లో అమెరికాలోని బెల్ ప్రయోగశాల వారు చేసి చూపించారు. తనపై పడిన ఎండలో నూటికి 6 వంతులనే అది విద్యుత్తుగా మార్చగలిగింది. నేటి పలకలు 20 వంతుల పైన మారుస్తున్నాయి.

ఒక్కొక్క సిలికాన్ ఘటం పని చేసేటప్పుడు ఇచ్చేది సుమారు అర వోల్టు మాత్రమే. 72 ఘటాలను శ్రేణిలో కలిపితే ఒక పలక, అంటే దాదాపు 36 వోల్టులు. మా చేలో ఉన్నట్టు 15 పలకలను మళ్లీ శ్రేణిలో కలిపితే 540 వోల్టులు. ఈ ఏకముఖ విద్యుత్తును కంట్రోలర్ పెట్టె మోటారుకు కావలసిన ఏకాంతర విద్యుత్తుగా మార్చి పంపుతుంది.

ఇక్కడ ఒక చిన్న లెక్క. అయిదు హార్స్‌పవర్ అంటే 3730 వాట్లు. మా పలక ఒక్కొక్కటి 330 వాట్లు. పదిహేనుకు 4950 వాట్లు. ఇంత ఎక్కువ ఎందుకు పెట్టారు? పలక మీద రాసిన వాట్లు ఘటం 25 డిగ్రీల వేడి దగ్గర ఉన్నప్పటి మాట. ఆపైన ఒక్కొక్క డిగ్రీకి శక్తి నూటికి దాదాపు 0.4 వంతు తగ్గుతుంది. మా ఏప్రిల్ ఎండలో పలక 65 డిగ్రీలకు చేరితే తేడా 40 డిగ్రీలు, నష్టం 16 వంతులు. మిగిలేది 4158 వాట్లు. దుమ్ము, తీగల్లో నష్టం, పొద్దు వాలడం, ఇవన్నీ పోగా మోటారుకు చాలినంత మిగలాలి. ఎండ ఎక్కువైతే కరెంటు ఎక్కువ వస్తుందని ఊళ్లో అందరమూ అనుకుంటాం. వెలుతురు ఎక్కువైతే ఎక్కువ వస్తుంది. వేడి ఎక్కువైతే తగ్గుతుంది. ఈ తేడా తెలిసినవాడు మధ్యాహ్నం నీళ్లు కాస్త తగ్గాయని మోటారును అనుమానించడు.

ఇక మా పంపు ఎందుకు నిలిచిపోయింది? శ్రేణి సంధానంలో ఒక్కచోట తెగితే వలయమంతా తెగినట్టే. ఇది పదో తరగతి పాఠం. నాకు తెలియక కాదు, పదిహేను పలకల వెనక ఉన్న తీగల్లో ఆ పాఠం నాకు కనిపించలేదు. ఆ కుర్రవాడు ముందుగా స్విచ్చి ఆపాడు. వరుసను నడుమ విడదీసి మీటరు పెట్టాడు. ఎనిమిది పలకల వైపు వోల్టేజి బాగుంది, ఏడు పలకల వైపు సున్న. ఆ ఏడింటిని మళ్లీ సగం చేశాడు. అలా నాలుగు కొలతల్లో తెగిన చోటుకు చేరాడు. మన గణితంలో సమద్విఖండన పద్ధతి అని చెప్పేది ఇదే! నేను దాన్ని నల్లబల్ల మీద చదివాను. అతను ఆ పేరు విన్నాడో లేదో గానీ ఎండలో నిలబడి చేసి చూపించాడు.

"పెదనాయనా, మోటారును ఎత్తకుండానే పైనుంచి మెగ్గరుతో కొలిస్తే బాగుందో కాలిందో తెలిసిపోయేది" అని అతను అన్నప్పుడు మా నాయన నా వైపు చూడలేదు. చూసి ఉంటే బాగుండేది.

కనెక్టరు ఎందుకు మాడిందో కూడా అతను చెప్పాడు. ఒక కంపెనీ మగ కనెక్టరును ఇంకొక కంపెనీ ఆడ కనెక్టరుతో జత చేశారట. చూడటానికి సరిపోతాయి, లోపల బిగువుగా అతుక్కోవు. అతుకు వదులైతే నిరోధం పెరుగుతుంది. నిరోధం పెరిగిన చోట వేడి పుడుతుంది. వేడికి అతుకు మరింత వదులవుతుంది. అయిదేళ్లకు బొగ్గయింది. బిగించినవాడికి ఈ ఒక్క ముక్క తెలిసి ఉంటే మా పిందె రాలేది కాదు.

ప్రాణాల మీదికి వచ్చే సంగతి ఇంకొకటి ఉంది. ఇంట్లోని ఏకాంతర విద్యుత్తు సెకనుకు వంద మార్లు సున్నకు దిగుతుంది గనుక, తీగ ఊడినప్పుడు లేచే నిప్పురవ్వ త్వరగా ఆరిపోతుంది. ఏకముఖ విద్యుత్తు సున్నకు దిగదు. పంపు నడుస్తూ ఉండగా కనెక్టరును లాగితే రవ్వ ఆరకుండా జ్వాలలా నిలుస్తుంది. పైగా పొద్దు పొడిచాక పలకను "ఆపు" చేసే స్విచ్చి ఎక్కడా లేదు. ఎండ ఉన్నంతసేపూ దానిలో వోల్టేజి ఉంటుంది. ఇంటి వైరింగు తెలిసిన మనిషి అదే ధైర్యంతో సోలార్ మీద చెయ్యి వేస్తే ప్రమాదం. కాబట్టి ఇది చూచి నేర్చుకునే పని కాదు, పద్ధతిగా నేర్పవలసిన విద్య.

మా జేజి చెప్పిన గోబర్ గ్యాస్ కథ

ఈ కథ మనకు కొత్తది కాదు. మా ఇంటి వెనక ఒక గుంత ఉంది. 1980లలో సబ్సిడీ మీద కట్టిన గోబర్ గ్యాస్ ప్లాంటు అది. రెండేళ్లు దాని మీదే అన్నం వండానని మా జేజి చెబుతుంది. ఒక వానాకాలం పొయ్యి వెలగలేదు. బాగుచేసేవాళ్లు ఎవరూ రాలేదు. ఆ తర్వాత ఇనుప డ్రమ్ము తుప్పు పట్టింది. ఇప్పుడు ఆ గుంత పేడదిబ్బ.

నేను పుస్తకాల్లో చూశాను. ఆ వాయువుతో పాటు నీటి ఆవిరి కూడా వస్తుంది. అది చల్లబడి గొట్టం పల్లంలో నీరుగా చేరితే వాయువుకు దారి ఉండదు. ఆ నీటిని వదిలేస్తే పొయ్యి మళ్లీ వెలుగుతుంది. మా ప్లాంటుకు వచ్చిన జబ్బు అదో కాదో ఇప్పుడు చెప్పలేను. చూసే మనిషి ఒక్కడుంటే ఆనాడే తెలిసేది. యంత్రం ఇచ్చారు, యంత్రాన్ని ఎరిగిన మనిషిని ఇవ్వలేదు. మా జేజి మళ్లీ కట్టెల పొయ్యి దగ్గరికే పోయింది. సోలార్ పలకలకూ ఆ గతి పట్టకూడదంటే ఏం చేయాలి?

సామాజిక కళాశాల అంటే ఏమిటి?

ఇతర దేశాల్లో ఇలాంటి మనుషులను ఎక్కడ తయారు చేస్తున్నారో చూద్దాం. అమెరికాలో సామాజిక కళాశాల అనే ఏర్పాటు ఉంది. 1901లో ఇల్లినాయ్ రాష్ట్రంలోని జోలియెట్ పట్టణంలో మొదలైన కళాశాల వీటిలో పెద్దక్క. అధ్యక్షుడు ట్రూమన్ నియమించిన ఉన్నత విద్యా సంఘం ఇలాంటివి దేశమంతటా రావాలని 1947లో చెప్పిన తర్వాత ఆ పేరు స్థిరపడింది. సాధారణంగా చదువు రెండేళ్లు. ఫీజు తక్కువ. ఇంటికి దగ్గర. పగలు పని చేసుకునేవారికి సాయంత్రం తరగతులు ఉంటాయి. చదువు మానేసిన వారు మళ్లీ చేరవచ్చు. ఆ ప్రాంతంలో ఏ పని ఉందో ఆ పనిని నేర్పడం దాని ధర్మం. ఆపైన చదవాలనుకుంటే ఇక్కడ పొందిన క్రెడిట్లతో విశ్వవిద్యాలయానికి మారే దారి కూడా ఉంటుంది.

ఒక ఉదాహరణ చెబుతాను. అయోవా రాష్ట్రం మన కోస్తా జిల్లాల లాగే పంట పొలాల దేశం. మొక్కజొన్న, సోయా పండిస్తారు. ఆ పొలాల నడుమ గాలిమరలు లేచాయి. ఇప్పుడు ఆ రాష్ట్రంలో పుట్టే విద్యుత్తులో సగానికి పైగా గాలినుంచే వస్తుంది. అక్కడి ఎస్థర్‌విల్ అనే చిన్న పట్టణంలోని అయోవా లేక్స్ సామాజిక కళాశాల 2004లో గాలిమరల సాంకేతిక శిక్షణ ప్రారంభించింది. తన సొంతానికి 1.65 మెగావాట్ల గాలిమరను కూడా నిలబెట్టుకుంది. అది కరెంటూ ఇస్తుంది, పాఠమూ చెబుతుంది. రైతుబిడ్డలు నడుముకు రక్షణ పట్టీ కట్టుకుని స్తంభం ఎక్కడం, గేర్లకు నూనె చూడటం, బోల్టులను కొలిచి బిగించడం, పైన ఎవరికైనా ప్రమాదం జరిగితే కిందికి దించడం నేర్చుకుంటారు. 2023 నుంచి 2033 వరకు అతివేగంగా పెరిగే వృత్తుల్లో గాలిమరల మెకానిక్కు పనిని అమెరికా కార్మిక గణాంక శాఖ ముందు వరుసలో చూపింది.

ఇందులో మనం గమనించవలసింది ఏమిటంటే, గాలిమర ఎక్కడుందో బడి అక్కడికే వచ్చింది. పనికోసం పిల్లలు ఊరు విడవలేదు.

మన దేశంలో జరిగిన ప్రయత్నాలు

మనవాళ్లు చేతులు ముడుచుకుని కూర్చోలేదు. పుదుచ్చేరి విశ్వవిద్యాలయం 1995లో, మద్రాసులో ఒక విద్యాసంస్థ 1996లో సామాజిక కళాశాలలు ప్రారంభించాయి. పన్నెండో ప్రణాళిక కాలంలో యు.జి.సి. కూడా ఉన్న కళాశాలల్లోనే ఇలాంటి కోర్సులు పెట్టడానికి సహాయం చేసింది. 2013లో వచ్చిన జాతీయ నైపుణ్య అర్హతల చట్రం ప్రకారం చేతిపనికి కూడా మెట్లు ఏర్పడ్డాయి. సర్టిఫికెట్టు నుంచి డిప్లొమాకు, అక్కడినుంచి డిగ్రీకి ఎక్కవచ్చుననేది దాని ఉద్దేశం.

సోలార్ విషయానికి వస్తే, కేంద్ర ప్రభుత్వం 2015లో 'సూర్యమిత్ర' శిక్షణ మొదలుపెట్టింది. జాతీయ సౌరశక్తి సంస్థ ఆధ్వర్యంలో 90 రోజులు, 600 గంటలు; ఫీజు లేదు, వసతి ఉంటుంది. అయిదేళ్లలో 50 వేల మందిని తయారు చేయాలని లక్ష్యం పెట్టుకున్నారు. తర్వాత సోలార్ పంపులకు 'వరుణమిత్ర', గాలిమరలకు 'వాయుమిత్ర' అని పేర్లు పెట్టి శిక్షణలు నడిపారు. మా పంపు బాగు చేసిన కుర్రవాడు ఇలాంటి మూడు నెలల చదువు చదివినవాడే. కాబట్టి చదువు పనికిరానిదని ఎవరూ అనలేరు. ఒక మండలానికి అలాంటివాడు ఒక్కడు కూడా లేడన్నదే బాధ.

ఇక రాజస్థాన్‌లోని తిలోనియా గ్రామం సంగతి వేరు. 1972లో బంకర్ రాయ్ స్థాపించిన బేర్‌ఫుట్ కళాశాల అక్కడ ఉంది. అక్కడ చదువు రాని పల్లె స్త్రీలకు, మనుమలను ఎత్తిన అవ్వలకు సైతం ఆరు నెలల్లో సోలార్ దీపాలు అమర్చడం, సర్క్యూట్లు అతికించడం నేర్పుతారు. భాష తెలియని వారికి రంగులను బట్టి, సైగలను బట్టి చెబుతారు. ఆఫ్రికా దేశాల నుంచి కూడా స్త్రీలు వచ్చి నేర్చుకుని పోయారు. సర్టిఫికెట్టు మాత్రం ఇవ్వరు. కాగితం చేతికి వస్తే మనిషి పట్నం పోతాడన్నది వాళ్ల వాదం. ఊరివాళ్లు నెలనెలా కొంత సొమ్ము వేసుకుని మరమ్మతు చేసే మనిషికి ఇవ్వాలన్నది అక్కడి పద్ధతి.

ఆ వాదం మొత్తం నాకు నచ్చలేదు. కాగితం లేకపోతే బ్యాంకు అప్పు ఇవ్వదు, కంపెనీ పని ఇవ్వదు. అయితే నెలనెలా సొమ్ము అన్నది మాత్రం బంగారం లాంటి మాట. మరమ్మతు మనిషికి పంపు చెడిపోయిన రోజునే కూలి దొరికితే, చెడిపోని రోజుల్లో అతను ఏం తింటాడు? మా ఊరి చుట్టూ ఉన్న సోలార్ రైతులు తలా కొంత వేసుకుని ఏడాదికి రెండు మార్లు అన్ని పంపులనూ తనిఖీ చేయించుకుంటే, మాడబోయే కనెక్టరు మాడకముందే దొరుకుతుంది. అతనికీ బతుకు దొరుకుతుంది.

ఏమి నేర్పాలి?

నా చిన్న బుద్ధికి తోచినంతలో ఒక ఏడాది సర్టిఫికెట్టు చదువుకు నాలుగు భాగాలు ఉండాలి.

మొదటిది భద్రత. స్విచ్చి ఆపి, తాళం వేసి, మీటరుతో సున్న చూసుకున్న తర్వాతే చెయ్యి పెట్టాలి. ఎర్తు తీగ ఎందుకు, పిడుగు పడితే ఏమవుతుంది, షాకు కొట్టిన మనిషికి ఊపిరి ఎలా అందించాలి అన్నవి రాకుండా రెండో పాఠానికి పోకూడదు.

రెండవది కొలత. మల్టీమీటరు, క్లాంప్ మీటరు, మెగ్గరు. కొలవకుండా "మోటారు కాలిపోయింది" అని చెప్పేవాళ్లు ఎంత నష్టం చేస్తారో నాకంటే బాగా ఎవరికి తెలుసు?

మూడవది అమరిక, మరమ్మతు. మన ప్రాంతం 14, 15 డిగ్రీల అక్షాంశం మీద ఉంది గనుక పలకలు దక్షిణానికి దాదాపు అంతే వాలులో ఉండాలి. ఒక్క చింతకొమ్మ నీడ ఒక పలక మూల మీద పడితే వరుస అంతటి కరెంటు ఎలా తగ్గుతుంది, ఆ నష్టాన్ని పలక వెనక పెట్టెలోని డయోడు కొంతవరకు ఎలా కాపాడుతుంది, బోరులో నీళ్లు అయిపోయినప్పుడు కంట్రోలర్ మోటారును ఎందుకు ఆపేస్తుంది, ఇవన్నీ చేతులతో చేసి నేర్చుకోవాలి.

నాలుగవది లెక్క, మాట. రైతుకు రశీదు రాసివ్వడం, ఏ పంపుకు ఏనాడు ఏం చేశామో పుస్తకంలో రాయడం, విడిభాగాల నిలువ చూసుకోవడం. రైతుతో తెలుగులో, అర్థమయ్యేటట్టు చెప్పడం కూడా ఒక విద్యే. మా కంట్రోలర్ పెట్టె మీద ఒక్క తెలుగు అక్షరం లేదు.

కొన్ని సందేహాలు

ఇంత చదివించినా ఉద్యోగాలు ఉన్నాయా అని కొందరు అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. పెద్ద పార్కు కట్టేటప్పుడు వందల మందికి పని ఉంటుంది, కట్టడం అయిపోయాక కొద్దిమందితో నడుస్తుంది. మా వైపు కుర్రాళ్లకు కొందరికి పార్కుల్లో దొరికింది పలకలు కడిగే పని, గడ్డి కోసే పని, కాపలా పని. అందుచేత పార్కులనే నమ్ముకుని వందల మందికి సర్టిఫికెట్లు పంచితే మోసమే అవుతుంది. చేలల్లోని పంపులు, ఇళ్ల మీది పలకలు, బడులు, ఆసుపత్రుల మీది పలకలు మాత్రం ఎక్కడికీ పోవు. ఇరవై అయిదేళ్లు అక్కడే ఉండి ఏటేటా ఏదో ఒక పని పెడతాయి. ఒక ప్రాంతంలో ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి, అంతకు తగినంత మందినే చేర్చుకోవాలి.

ఆడపిల్లలకు ఈ పని ఎందుకు అంటారు. తిలోనియా అవ్వలు చేసిన పని మన చెల్లెళ్లు చేయలేరా?

అన్నిటికంటే పెద్ద అడ్డంకి గౌరవం. నా తమ్ముడు ఇంటర్ చదువుతున్నాడు. ఆ కుర్రవాడి చేతి పనిని దగ్గర కూర్చుని చూసినప్పటి నుంచి "నేనూ ఇదే నేర్చుకుంటా" అంటున్నాడు. నాయన ఒప్పుకోవడం లేదు. "మెకానిక్కు అంటే రేపు పిల్లను ఎవరిస్తారురా? అన్న మాదిరి డిగ్రీ చెయ్" అంటాడు. ఆయన్ని తప్పు పట్టలేను. తన పిందెను నిలబెట్టింది ఎవరో ఆయనకు తెలుసు. అయినా ఊరు ఎవరికి కుర్చీ వేస్తుందో కూడా ఆయనకు తెలుసు. చేతిపని చదువుకు డిగ్రీ దాకా దారి ఉందని, ఆ దారి గోడకు తగిలి ఆగిపోదని రూఢిగా చూపినప్పుడే మా నాయన లాంటి తండ్రులు ఒప్పుకుంటారు.

మన కళాశాల ఏమి చేయవచ్చు?

కొత్త భవనాలు అడగడం లేదు. మన ఫిజిక్సు ప్రయోగశాల సాయంత్రం అయిదింటికి తాళం పడుతుంది. అందులో మీటర్లు ఉన్నాయి, పాఠం చెప్పగల గురువులు ఉన్నారు. నాలుగు పాత పలకలు, ఒక చిన్న పంపు, ఒక నీళ్ల తొట్టి ఉంటే వారానికి రెండు సాయంత్రాలు తరగతి నడపవచ్చు. చేతిపని నేర్పడానికి ఐ.టి.ఐ. వారిని, ఊళ్లో పని చేస్తున్న మెకానిక్కులను పిలవాలి. వారిని గురువులుగానే పిలవాలి. మేము వాళ్లకు ఓమ్ నియమం చెబుతాం, వాళ్లు మాకు కనెక్టరు బిగించడం చెబుతారు. ఎవరూ ఎవరికీ ఋణపడరు. సోలార్ కంపెనీల్లో, విద్యుత్ శాఖలో ఉన్న మన పూర్వ విద్యార్థులు తలా ఒక పనిముట్టు ఇచ్చినా చాలు. విద్యార్థి సంఘం ఈ ఏడాది ఈ ఒక్క పని తలకెత్తుకోవాలని సంఘ నాయకులను, దారి చూపాలని అధ్యాపకులను వినయంగా కోరుతున్నాను.

నా మట్టుకు నేను వేసవిలో ఒక మల్టీమీటరు కొనుక్కున్నాను. మొన్న సంక్రాంతికి ఇంటికి పోయినప్పుడు మా పదిహేను పలకల అతుకులన్నీ ఆ కుర్రవాడు చూపిన పద్ధతిలోనే ఒక్కొక్కటిగా చూశాను. ఒకటి కొంచెం వదులుగా ఉంది. నేను బిగించలేదు. అతనికి ఫోను చేశాను. నాయన పక్కనే ఉండి, "ఈసారి కొలిచి చెప్పినావు, మంచిది" అన్నాడు. ఎనిమిది వేల ఊసు ఎత్తలేదు.